వరహాలరావు చేతులు కట్టుకున్న బుధవారాలు

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను అక్కడక్కడ తారుమారు చేస్తానేమో. జరిగినవి మాత్రం ఇవే.

సామర్లకోట దగ్గర ఒక పాల కంపెనీలో, కంప్యూటర్ల విభాగంలో, వరహాలరావు అనే ఆయన ఉండేవాడు. ఆయనకు రాని పని లేదు, వచ్చిన పనిని ఇంకొకరికి నేర్పే గుణం మాత్రం లేదు.

రోజూ తెల్లవారేసరికి రెండు వందల ఊళ్ళ నుంచి నలభై వ్యాన్లలో పాల క్యాన్లు ఆ కంపెనీకి వచ్చేవి. గేటు దగ్గర ప్రతి క్యానునూ తూకం వేసేవారు. వెన్న ఎంత ఉందో, పాలు మంచివో కావో పరీక్షించేవారు. ఆ రెండు వివరాలూ కంప్యూటర్‌లోకి వెళ్ళి, ఫలానా ఊరి పాలు అని చీటీ వచ్చాకే క్యాను లోపలికి వెళ్ళేది. చీటీ రాకపోతే క్యాను ఎండలో నిలబడిపోయేది. వేసవిలో పాలు రెండు గంటలకు మించి ఆగవు.

ఏ యంత్రం ఆగినా వరహాలరావు వచ్చేవాడు. "అందరూ కాస్త బయటికి వెళ్ళండి" అనేవాడు. తలుపు వేసుకునేవాడు. అరగంటకు తలుపు తెరిచేసరికి లోపల అన్నీ పనిచేస్తూ ఉండేవి. ఏం చేశారని ఎవరైనా అడిగితే, "నీకెందుకు, నేనున్నాగా" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది.

గేటు దగ్గర ఉండే జోగారావు కొత్తవాళ్ళకు ఇలా చెప్పేవాడు. "మా కంపెనీకి ఇద్దరు దేవుళ్ళండి ఆయ్. ఒకాయన గేటు పక్క గుళ్ళో ఉంటారు, రెండో ఆయన మేడ మీద ఉంటారు. గుళ్ళో ఆయన్ని చూడొచ్చండి. మేడ మీదాయన తలుపు తియ్యరు."

అందరూ దాన్ని గర్వం అనుకునేవారు. నిజానికి అది భయం. తెలిసిందంతా చెప్పేస్తే రేపు నన్ను పిలిచేదెవరు అని ఆయన లోలోపల ఇరవై ఏడేళ్ళుగా భయపడుతూనే ఉన్నాడు.

ఇలా ఉండగా ఆ విభాగానికి పెద్దగా శేషారత్నం అనే ఆవిడ వచ్చింది. యాభై దగ్గర పడుతున్న మనిషి, తక్కువ మాట్లాడేది. యజమానులు ఆవిడను పిలిచి, కొత్త యంత్రాలు ఏవేవి కావాలో రాసివ్వమన్నారు. ఆవిడ ఏమీ రాయలేదు. నెల రోజులపాటు తన కుర్చీని ఒక్కో రోజు ఒక్కో బల్ల పక్కకు జరుపుకుని, ఎవరు ఏం చేస్తున్నారో చూస్తూ కూర్చుంది. తర్వాత వరహాలరావును పిలిచింది.

"వరహాలరావు గారూ, పోయినేడు మీరు ఎన్ని రోజులు సెలవు పెట్టారు?"

"ఒక్క రోజు కూడా లేదండి," అన్నాడు ఆయన రొమ్ము విరుచుకుని.

"మీ అమ్మాయి పెళ్ళి పోయినేడే కదా?"

"ఆదివారం పడిందండి. మధ్యలో రెండు మూడు ఫోన్లు వచ్చాయి. పీటల మీద నుంచే చెప్పేశాను."

"పీటల మీద నుంచా?"

"అల్లుడి కాళ్ళు కడిగేటప్పుడండి. మా ఆవిడ నీళ్ళు పోస్తూ ఉంది. నేను ఫోను భుజానికి ఆనించుకుని..."

శేషారత్నం నవ్వలేదు. "అది మీ గొప్ప కాదండి. మిమ్మల్ని అలా వదిలేసిన మా తప్పు," అంది.

అలాంటి మాట ఆయనతో అంతవరకూ ఎవరూ అనలేదు. మెచ్చుకుందో, తిట్టిందో ఆయనకు తెలియలేదు.

ఆ వారమే ఆవిడ ఒక కొత్త పద్ధతి పెట్టింది. మూలపడి ఉన్న పాత యంత్రాలను దులిపించి, అసలువాటికి జంటగా ఒక గదిలో అమర్చింది. ప్రతి బుధవారం పొద్దుటి పాలు దిగిపోయాక విభాగమంతా ఆ గదిలో కూర్చోవాలి. యంత్రాలన్నీ కావాలని ఆపేయాలి. వాటిని తిరిగి నడిపించే పని, ఆ పని రానివాళ్ళే చేయాలి. వచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నోటితో చెప్పవచ్చు, చేత్తో ముట్టుకోకూడదు. చేసినవాళ్ళు చేసినదంతా తెలుగులో, తమ మాటల్లో ఒక పుస్తకంలో రాయాలి. పై బుధవారం ఇంకొకరు ఆ పుస్తకం చూసి చేయాలి. ఎక్కడైనా ఆగిపోతే తప్పు వాళ్ళది కాదు, పుస్తకానిది. పుస్తకాన్ని దిద్దాలి.

మొదటి బుధవారం గంగాభవాని వంతు వచ్చింది. ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి. ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగంలో చేరింది. ఏది ముట్టుకుంటే ఏమవుతుందోనని చేతులు చెంగులో దాచుకునేది. ఆవిడ ఒక్కో మీటా వెతుక్కుంటూ ఉంటే, వరహాలరావుకు కుర్చీలో ముళ్ళు ఉన్నట్టు అనిపించింది. తెలియకుండానే ఆయన కుడిచెయ్యి బల్ల మీదికి పాకింది.

"గురువుగారూ, చెయ్యి!" అని అరిచాడు రఫీ. అతను ఆ విభాగంలో పదేళ్ళుగా ఉన్నవాడు, ఎవరినైనా నవ్వించగలవాడు.

"దోమండీ," అన్నాడు వరహాలరావు.

"ఆ దోమ సరిగ్గా మీట దగ్గరే వాలిందండీ," అన్నాడు రఫీ. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వు ఆపుకోలేక, చేతులు రెండూ చంకల్లో బిగించుకున్నాడు.

మూడో వారం ఇంకో తమాషా జరిగింది. రెండో వారం రఫీ ఇంకో పని చేసి, వరహాలరావు చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో రాశాడు. దాన్ని చూసి చేస్తున్న గంగాభవాని సగంలో ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు వరహాలరావు.

"ఇక్కడ 'తర్వాత ఎప్పటిలాగే చేయాలి' అని ఉందండి, బాబాయి గారూ. ఎప్పటిలాగే అంటే ఎలా? ఈ పని నేను ఎప్పుడూ చేయలేదు కదా!"

వరహాలరావు వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాడు. ఆ 'ఎప్పటిలాగే' అన్న ఒక్క మాటలో పదకొండు పనులు ఉన్నాయి. వాటిని విడదీసి రాసేసరికి మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. ఆనాటి నుంచి పుస్తకంలో 'ఎప్పటిలాగే' అన్న మాట రాయించినవాళ్ళు అందరికీ తాపేశ్వరం కాజాలు తేవాలని నియమం పెట్టుకున్నారు. వరుసగా అయిదు వారాలు కాజాలు వరహాలరావే తెచ్చాడు.

ఆయన మారిపోయాడని అందరూ అనుకున్నారు. కానీ ఒక్క కిటుకు మాత్రం ఆయన చెప్పలేదు. యంత్రాలన్నీ ఆగిపోయి తిరిగి మొదలుపెట్టేటప్పుడు, తూకం యంత్రాన్నీ వెన్న పరీక్ష యంత్రాన్నీ కంప్యూటర్‌కు కలపడంలో ఒక వరస ఉంది. అది తిరగబడితే ఒక ఊరి క్యాను ఇంకో ఊరి పేర పడుతుంది. అంతా బాగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. చెడిన పాలు మంచివాటిలో కలిసిపోతాయి, మంచి పాలు కాలవలోకి పోతాయి. ఇది వరహాలరావు ఒక్కడికే తెలుసు. ప్రతి బుధవారం ఆయన అందరికంటే ముందు ఆ గదికి వచ్చేవాడు. ఆ రెండు యంత్రాల వైర్లను చడీచప్పుడు లేకుండా సరైన వరసలో కలిపి, వెళ్ళి తన కుర్చీలో కూర్చునేవాడు. అవి ముందే కలిసి ఉండేవి కాబట్టి ఏది ముందన్న ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ఇదొక్కటీ నా దగ్గర ఉండనీ అనుకున్నాడు.

మే నెలలో ఆయనకు కాకినాడలో హెర్నియా ఆపరేషన్ జరిగింది. ఫోను చూడకూడదని డాక్టరు చెప్పాడు. భార్య కాంతమ్మ దాన్ని కట్టేసి తన సంచిలో పెట్టుకుంది. మూడో రోజు తెల్లవారుజామున పెద్ద గాలివాన వచ్చింది. ఎక్కడో పిడుగు పడ్డ చప్పుడు వినిపించింది. ఆరు దాటేసరికి వాన వెలిసి, ఎండ చురుక్కుమంది.

ఏడు గంటలకు క్యాంటీన్ అతను కాఫీ లేకుండా వచ్చాడు. "పాల వ్యాను రాలేదండి. ఆ కంపెనీ మీద పిడుగు పడిందంట. కంప్యూటర్లన్నీ ఆగిపోయాయంట," అన్నాడు.

వరహాలరావు లేచి కూర్చున్నాడు. "కాంతం, ఫోను ఇయ్యి!"

ఫోను వెలిగింది. ఆయన ఆత్రంగా చూశాడు. కంపెనీ నుంచి ఒక్క పిలుపు కూడా లేదు. ఇరవై ఏడేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. మొదట మనసు చివుక్కుమంది. మరుక్షణం అసలు సంగతి గుర్తొచ్చింది. ఆ వరస వాళ్ళకు తెలియదు. నాకే తెలుసు. నేను చెప్పలేదు.

ఆయన శేషారత్నానికి చేశాడు, రఫీకి చేశాడు, గంగాభవానికి చేశాడు. మోగాయి, ఎవరూ ఎత్తలేదు. చొక్కా తొడుక్కోబోయాడు.

"ఎక్కడికండీ? కుట్లు ఊడితే?" అంది కాంతమ్మ.

"పాలు విరిగితే?"

"పాలు విరిగితే పనీరవుతుంది. మీరు విరిగితే ఏమవుతారు?" అని ఆవిడ తిడుతూనే ఆటో పిలిచింది. తనూ ఎక్కి, దారిలో గుంతలు వచ్చినప్పుడల్లా ఆయన పొట్ట మీద దిండు అదిమి పట్టుకుంది.

ఆటోలో ఆయన ఏం చెప్పాలో మనసులో వల్లించుకోసాగాడు. ముందు పెద్ద యంత్రం. తర్వాత చల్లబరిచే గది. తర్వాత... తూకమా, పరీక్షా? ఏది ముందు? తూకమే అనుకున్నాడు. కాదు, పరీక్ష అనుకున్నాడు. యంత్రం ముందు నిలబడితే చేతులు వాటంతటవే వెళ్ళేవి. ఎన్నడూ నోటితో అనలేదు, కాగితం మీద పెట్టలేదు. గాలిలో చేతులు ఆడించి చూసుకున్నాడు. ఒకసారి ఒకలా తోచింది, ఇంకోసారి ఇంకోలా తోచింది. ఆటో అతను అద్దంలోంచి వింతగా చూశాడు. ఎవరికీ దొరకకుండా దాచుకున్నది తనకే దొరకడం లేదు!

గేటు దగ్గర నలభై వ్యాన్లు బారులు తీరి ఉన్నాయి. జోగారావు వాటి పక్కన తిరుగుతూ, క్యాన్ల మీద తడి గోనెలు కప్పిస్తున్నాడు.

"అయ్యబాబోయ్, మీరేంటండి ఇక్కడ? ఆ పొట్టేంటండి, ఆ దిండేంటండి?" అన్నాడు అతను.

"ఎంతసేపైందోయ్?"

"గంటా పావండి. ఇంకో ముప్పావుగంట ఆగుతాయండి పాలు. అటుపైన నా చేతుల్లో లేదండి ఆయ్."

వరహాలరావు పొట్ట పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. గది బయట కిటికీ మీద ఒక బుట్టలో అందరి ఫోన్లూ పెట్టి ఉన్నాయి. వాటి మీద తన పేరే కనిపిస్తూ ఉంది. గాజు తలుపులోంచి లోపలికి చూశాడు.

ఆయన కేకలు వినిపిస్తాయనుకున్నాడు, పరుగులు కనిపిస్తాయనుకున్నాడు. అవేమీ లేవు. పూజ జరుగుతున్న ఇంట్లోలా ఉంది ఆ గది. గంగాభవాని నిలబడి పుస్తకంలోంచి ఒక్కో వాక్యం పైకి చదువుతూ ఉంది. రఫీ అది విని, తిరిగి చెప్పి, చేసేవాడు. మూడో మనిషి పెన్సిలుతో గుర్తు పెట్టేవాడు. అప్పుడు గాని తర్వాతి వాక్యం చదివేది కాదు. పక్కన శేషారత్నం ఉంది. అంత ముంచుకొచ్చిన వేళ ఆ విభాగం పెద్ద చేతులు కట్టుకుని నిలబడి ఉంది! వరహాలరావు రెప్ప వేయడం మరిచిపోయాడు.

అంతలో గంగాభవాని పేజీ తిప్పింది. ఇప్పుడే, ఇక్కడే! అరవాలని ఆయన నోరు తెరిచాడు. ఏమని అరవాలి? తూకమనా, పరీక్షనా?

గంగాభవాని చదివింది: "ముందు తూకం యంత్రం కలపాలి. దీపం పచ్చగా వెలిగేదాకా ఆగాలి. ఆ తర్వాతే వెన్న పరీక్ష యంత్రం. ఇది తారుమారైతే ఒక ఊరి పాలు ఇంకో ఊరి పేర పడతాయి. జాగ్రత్త."

"ముందు తూకం, పచ్చదీపం, తర్వాత పరీక్ష," అన్నాడు రఫీ. అన్నట్టే చేశాడు.

అవును, తూకమే ముందు. వినగానే ఆయనకు అది తెలిసింది. తలుపుకు ఆనుకున్నాడు. కాసేపటికి కింద మొదటి చీటీ వచ్చిందని జోగారావు ఈల వేశాడు. ఆ తర్వాత క్యాన్లు ఒకదాని వెనక ఒకటి దొర్లుతున్న చప్పుడు మొదలైంది. అరగంటలో వ్యాన్ల బారు కరిగిపోయింది. ఒక్క ఊరి పేరు కూడా తప్పిపోలేదు.

అప్పుడు తలుపు తీసిన రఫీ ఉలిక్కిపడ్డాడు. "గురువుగారూ! ఆసుపత్రి నుంచి పారిపోయి వచ్చారా?"

వరహాలరావు తిన్నగా పుస్తకం దగ్గరికి వెళ్ళాడు. ఆ పేజీ చూశాడు. గంగాభవాని చేతిరాత. వాక్యం కింద చిన్న అక్షరాలతో 'ఇది వరహాలరావు గారి దగ్గర నేర్చుకున్నది' అని ఉంది.

"ఇది మీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు.

"పోయిన బుధవారం మీరు ఆపరేషనుకు ముందు పరీక్షలకని కాకినాడ వెళ్ళారు కదండి, ఆ రోజు ఊళ్ళన్నీ కలగాపులగం అయిపోయాయి. ఎక్కడ తప్పిందో సాయంత్రం దాకా తెలియలేదు. అంతకుముందు ఒక బుధవారం నేను తొందరగా వచ్చినప్పుడు, మీరు ముందు తూకం వైరు కలుపుతూ కనిపించారని గుర్తొచ్చింది. అలా చేసి చూస్తే సరిపోయింది. మీరు చెప్పడం మరిచిపోయి ఉంటారనుకున్నాం, బాబాయి గారూ. అయినా మీ చేతుల్లోంచి వచ్చిందే కదా, అందుకే మీ పేరు రాశాను."

గదిలో అందరూ ఆయన వంకే చూస్తున్నారు. అవును, మరిచిపోయాను అంటే సరిపోయేది. ఎవరూ కాదనరు.

"మరిచిపోలేదమ్మా," అన్నాడు వరహాలరావు. "దాచుకున్నాను. దాచుకుంటూ దాచుకుంటూ ఇవాళ దారిలో నిజంగానే మరిచిపోయాను. నువ్వు చదువుతుంటే విని తెలుసుకున్నాను."

శేషారత్నం తన కుర్చీ ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చున్నాడు. పెన్ను ఇమ్మని చెయ్యి చాపాడు.

"ఇంకో నాలుగున్నాయి, చెప్పనివి," అన్నాడు.

"నాలుగేనా, గురువుగారూ?" అన్నాడు రఫీ.

"...ఆరు."

గది గొల్లుమంది. వరహాలరావు కూడా నవ్వబోయి, కుట్లు పట్టేసి, "అమ్మో" అని పొట్ట పట్టుకున్నాడు. ఆ రోజు కాంతమ్మ వచ్చి లాక్కుపోయేదాకా ఆయన రాస్తూనే ఉన్నాడు.

రెండేళ్ళకు వరహాలరావు పదవీ విరమణ చేశాడు. ఆ తర్వాత శేషారత్నం వేరే చోటికి వెళ్ళింది. రఫీ సొంత ఊరికి దగ్గరగా ఇంకో ఉద్యోగం చూసుకున్నాడు. చాలా ఏళ్ళకు ఒక బుధవారం ఆ దారిన పోతూ వరహాలరావు కంపెనీ దగ్గర దిగాడు. మేడ ఎక్కి గాజు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల ఉన్నవాళ్ళలో ఒక్క గంగాభవాని తప్ప తెలిసిన ముఖం లేదు. ఆవిడ అటు తిరిగి, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. పాత యంత్రాలు ఒక్కటీ లేవు. వాటి స్థానంలో ఉన్నవాటి పేర్లు కూడా ఆయనకు తెలియవు. పుస్తకం అలమార నిండా పెరిగింది. ఎవరో కొత్తావిడ చదువుతూ ఉంది, ఎవరో కొత్తతను చేస్తూ ఉన్నాడు. యంత్రాలు పోయాయి, మనుషులు మారారు, తను లేడు; అయినా ఆ పని అక్కడే ఉంది, ఇంకా పెరుగుతూ ఉంది. అది ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టు? ఏ ఒక్కరి తలలోనూ లేదు, ఏ ఒక్క పెట్టెలోనూ లేదు. అందరి మధ్యా ఉంది. గోదావరి ముందు నిలబడ్డట్టు ఆయన దాని ముందు నిలబడిపోయాడు.

ఒక అమ్మాయి తలుపు తీసి, "ఎవరు కావాలండి?" అని అడిగింది.

"ఎవరూ అక్కర్లేదమ్మా," అన్నాడు వరహాలరావు. "చూసిపోదామని వచ్చాను."

మా చెల్లెలి మనవరాలు సుచరిత ఆ కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసింది. గంగాభవానో, గంగారత్నమో, ఈ పేర్లు ఒకసారి సరిచూడమని ఆమెను అడుగుతున్నాను. నీతిలో మాత్రం దిద్దవలసింది లేదు: ఒక్కరి దగ్గర దాగిన నేర్పు ఆ ఒక్కరితోనే పోతుంది, పదిమందీ రాసుకుని, చేసి చూసుకుని, దిద్దుకుంటూ వచ్చిన నేర్పే సంస్థలో కలకాలం నిలుస్తుంది.